మిల్లు కుర్చీలో కూర్చుని కోడ్ మార్చనన్న సంధ్య

2022, దీపావళికి ముందు సీజను. సూరత్‌లో ఆ రోజుల్లో డైయింగ్ మిల్లు మనిషిని ఆపి "బాగున్నారా?" అని అడిగితే తిట్టినంత పని చేస్తాడు. మగ్గాల మీంచి దిగిన తెల్లగుడ్డ టెంపోల్లో వచ్చి పడుతూనే ఉంటుంది, రంగు వేసుకుని చీరల మార్కెట్‌కి పోతూనే ఉంటుంది, మధ్యలో ఉన్నవాళ్ళకి అన్నం తినే తీరిక ఉండదు. ఆ మిల్లులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఒక చిన్న కంపెనీలో నేను టీమ్ లీడర్‌ని. మాది తెనాలి. మా ఆయన సూరత్ పక్కనున్న హజీరాలో ఇంజనీరు కాబట్టి నేను సూరత్ దాన్నయ్యాను. ఆఫీసులో నాకు నోరెక్కువని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

మా పని గురించి అడిగేవాళ్ళు చాలామంది "ఏసీ గదిలో కూర్చుని టకటకా కొట్టడమేగా" అంటారు. అలా అన్న ప్రతివాళ్ళకీ నేను సంధ్య సంగతి చెబుతాను. ఈసారి రాసి పెడుతున్నాను.

ముందు మా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పాలి. ఒకే రంగు వేయాల్సిన గుడ్డల మొత్తాన్ని మిల్లులో లాట్ అంటారు. లాట్ బరువు, కావాల్సిన రంగు ఎక్కిస్తే, ఏ పొడి ఎంత కలపాలో లెక్క కట్టి మా ప్రోగ్రాం ఒక స్లిప్పు ప్రింటు చేస్తుంది. రంగుల గదిలో ఆ స్లిప్పు చూసి తూకం వేసి, కలిపి, మెషీన్‌లో పోస్తారు. రంగు కాస్త లేతగా వస్తే ఇంకాస్త కలుపుతారు, దాన్ని టాపింగ్ అంటారు. దానికీ స్లిప్పు మా ప్రోగ్రామే ఇస్తుంది. లేత రంగుని ముదురు చేయొచ్చు గానీ ముదిరిపోయిన రంగుని వెనక్కి తేవడం మహా కష్టం. అందుకని స్లిప్పులో పొరపాటు జరిగితే లాట్ లాట్ అంతా పోయినట్టే.

ఇంత సున్నితమైన పనికి మా కంపెనీలో ఉన్న పద్ధతి చూస్తే మీరు నవ్వుతారు, నాకు మాత్రం ఒళ్ళు మండేది. మిల్లు సేఠ్ ఫోన్ చేసి "ఇది కొంచెం మార్చాలి" అంటాడు. మావాడు బైకెక్కి వెళ్తాడు. మిల్లు ఆఫీసులో కుర్చీలో కూర్చుని, నడుస్తున్న ప్రోగ్రాంలోనే చెయ్యి పెట్టి, అక్కడికక్కడే మార్చేసి వస్తాడు. దీన్ని సైట్ చేంజ్ అంటారు. సేఠ్ తెప్పించిన టీ, అక్కడి మాటలో చా, చల్లారేలోపు పని ముగించినవాడు మొనగాడు. మా యజమాని జిగ్నేశ్‌భాయ్ ఇలా మిల్లులు తిరిగి తిరిగే కంపెనీని నిలబెట్టాడు కాబట్టి ఆయనకి ఇదే గొప్ప సేవ. దాని ఫలితం ఏమిటంటే, ఏ మిల్లులో ఏ ప్రోగ్రాం ఉందో మాకే తెలియదు. ఒకే ప్రోగ్రాం ఒక్కో మిల్లులో ఒక్కో వేషం వేసుకుని కూర్చుంది. ఒకచోట సర్దితే ఇంకోచోట చిరుగుతుంది, మళ్ళీ బైకు, మళ్ళీ చా.

నేను హైదరాబాద్‌లో పనిచేసిన చోట పద్ధతి వేరు. అక్కడ ముందు టెస్ట్ రాసేవాళ్ళం. అంటే ప్రోగ్రాం ఏ జవాబు ఇవ్వాలో ముందే రాసిపెట్టి, తర్వాత ప్రోగ్రాం రాయడం. జవాబు కలవకపోతే తెర మీద ఎర్రగా వస్తుంది, కలిస్తే పచ్చగా వస్తుంది. ఎర్రగా ఉన్నంతసేపూ ముందుకు కదలకూడదు. పక్కన ఇంకొకరు కూర్చుని చూడకుండా ఏ మార్పూ బయటికి పోకూడదు. ఇదంతా ఆఫీసులో మొదలుపెడదామంటే జిగ్నేశ్‌భాయ్ "టైమ్ కహాఁ హై, విజయాబెన్?" అని చేతులు తిప్పేవాడు. సరే, ఆఫీసు టైము లేకపోతే ఆదివారం ఉందిగా అనుకున్నాను.

ఊళ్ళోనే బమ్రోలి పేటలో మన తెలుగువాళ్ళ సంఘానికి ఒక హాలు ఉంది. కింద పెళ్ళిళ్ళు, పైన ఖాళీ. "పెళ్ళి లేని ఆదివారాలు మీవే" అన్నారు పెద్దలు. మా ఆఫీసు పిల్లల్ని బతిమాలి, హజీరాలో మా ఆయనకి తెలిసిన ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లని లాగి, మొదటి ఆదివారం తెర మీద బొమ్మలు వేసి ఉపన్యాసం దంచాను. ఫ్యాను గాలికి సగం మంది నిద్రపోయారు. అప్పుడే ఒకమ్మాయి తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది.

"అక్కా, ఇది కంపూటర్ క్లాసేనా?"

"అవునమ్మా, రా."

"మరి గీళ్ళంత ఎందుకు పండుకున్నరు?"

నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయే సంధ్య. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, పుట్టి పెరిగిందంతా బమ్రోలిలోనే. వాళ్ళ నాన్న నర్సయ్యగారు జోల్వాలో మగ్గాల మీద పనిచేస్తారు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు టిక్కీలు, అంటే మెరిసే రాళ్ళు, గమ్ముతో అంటిస్తుంది. బీకామ్ అయ్యాక సంధ్య కూడా అదే పనిలో కూర్చుంది. గమ్ము వాసనకి అమ్మ కళ్ళు రోజంతా నీళ్ళు కారుతూ ఉంటాయని, తనకేదైనా ఉద్యోగం దొరికితే అమ్మ చేత ఆ పని మాన్పించాలని మొదటి రోజే చెప్పింది.

ఆ తర్వాత ఉపన్యాసాలు మానేశాను. ఒక చిన్న లెక్క ఇవ్వడం, ఇద్దరిద్దరు ఒక కంప్యూటర్ ముందు కూర్చోవడం, ఒకళ్ళు కొడుతుంటే రెండోవాళ్ళు "ఎందుకు?" అని అడగడం, గరిటెతో స్టీలు పళ్ళెం మీద టంగుమని కొట్టగానే చేతులు మారడం. టెస్ట్ అంటే ఏమిటో నేను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే సంధ్య మధ్యలో అడ్డుపడింది.

"ఆగక్కా, నాకు సమజైంది. పేక తెగితే మగ్గం దానంతటదే ఆగుతది గద, గట్లనే. తెగిన దారంతోని నడుస్తనే ఉంటే చీరంత ఖరాబ్."

మగ్గాల ఇళ్ళలోంచి వచ్చిన పిల్లలందరికీ ఒక్కసారిగా ముఖాలు వెలిగాయి. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ నర్సయ్యగారు మాత్రం తల కొట్టుకున్నారు. "ఏంది మేడం, నా బిడ్డకు మగ్గం తప్పిందని నేను సంబురపడ్డ. మీరేమో కంపూటర్ల గూడ మగ్గమే వెట్టిన్రా!" హాలంతా గొల్లుమంది.

ఆ హాలు అలా అలా నిండింది. సలాబత్‌పురా నుంచి బట్టల కొట్ల లెక్కల ప్రోగ్రాములు రాసే గుజరాతీ కుర్రాళ్ళు వచ్చారు, హజీరా నుంచి ఇంజనీర్లు భార్యల్ని వెంటబెట్టుకుని వచ్చారు, పక్క కంపెనీల వాళ్ళూ వచ్చారు. భాష మూడు రకాలుగా కలిసిపోయేది. చివర్లో ఒక అలవాటు దానంతటదే పుట్టింది. ఇంటికి వెళ్ళేముందు ఒక్కొక్కళ్ళు లేచి ఆ వారం తమ పని ఎలా నడిచిందో చెప్పాలి. పద్ధతి ప్రకారం చేసిందీ చెప్పాలి, చేయలేక జారిపోయిందీ చెప్పాలి. తిట్టడాలు ఉండవు. "అయ్యో, మరి ఏమైంది?" అని అడుగుతారు, అంతే. అది వారం మాట. దాన్ని ఎగ్గొట్టి వెళ్ళిపోయినవాణ్ణి నేను చూడలేదు.

ఏడాది తిరిగేసరికి సంధ్య చెయ్యి ఎంత శుభ్రంగా తయారైందంటే, నేను ఆఫీసులో ఆమె కోసం పోట్లాడాను. జిగ్నేశ్‌భాయ్ ముఖం చిట్లించాడు.

"బీకామ్ అమ్మాయి, విజయాబెన్! ఇంజనీర్లు లైన్లో నిలబడి ఉన్నారు."

"వాళ్ళు లైన్లో నిలబడతారు, ఈ పిల్ల పని చేస్తుంది."

ఆయన నవ్వి తీసుకున్నాడు గానీ, ట్రయల్ మీద. సరిగ్గా అప్పుడే అన్ని మిల్లుల్నీ ఒకే కొత్త ప్రోగ్రాం మీదికి తేవాలని ఆయనే నిర్ణయించాడు, బైకు పెట్రోలుకి విసిగిపోయి. మొదటిది పల్సానా వైపు ఉన్న మా పెద్ద ఖాతా, ఒక సేఠ్‌గారి మిల్లు. "మీ పద్ధతిలోనే చేయండి. ఆ అమ్మాయినే పెట్టండి," అన్నాడు జిగ్నేశ్‌భాయ్. "సీజన్ దాటేదాకా మన వల్ల ఒక్క లాట్ పాడవకపోతే ఆమె పర్మనెంట్, మీ క్లాసు ఆఫీసులోనే శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి, నేనే చా పోయిస్తా. లాట్ పోయినా, సేఠ్ చెయ్యి జారినా, అమ్మాయి ఇంటికి. ఆ తర్వాత టెస్టూ గిస్టూ అనే మాట నా ఆఫీసులో వినపడకూడదు."

ఈ సంగతి సంధ్యకు చెబితే నవ్వింది. "పోతే మల్ల టిక్కీలే గదక్కా. టిక్కీలేం పాపం జేసినయ్?" అంది. ఆ పిల్ల జీతం మొదలయ్యాకే వాళ్ళమ్మ గమ్ము డబ్బా పక్కన పెట్టిందని నాకు తెలుసు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

సంధ్యకు జోడీ పార్థ్. మా ఆఫీసు సైట్ చేంజ్ హీరో అతనే. బమ్రోలి హాలుకి వచ్చేవాడు గానీ, క్లాసు కోసం కాదు, నేను తెప్పించే ఖమణ్ కోసం, అంటే శనగపిండి ఢోక్లా కోసం, వస్తున్నానని బాహాటంగానే చెప్పేవాడు. పాత స్లిప్పుల్లోంచి ఒక్కో లెక్కా తీసి, "ఈ బరువుకి, ఈ రంగుకి ఈ జవాబే రావాలి" అని సంధ్య టెస్ట్ వెనక టెస్ట్ రాస్తుంటే అతనికి పిచ్చెక్కేది.

"ఇదంతా రాసేలోపు నేను మూడు మిల్లులు తిరిగొస్తా సంధ్యా!"

"తిరుగు భాయ్. మల్ల రేపు గా మూడు మిల్లులే తిరగాలె గద, తోవ యాదికుంటది."

పార్థ్ ఖమణ్ నములుతూ మూతి ముడిచాడు. కానీ కూర్చున్నాడు. కూర్చోగా కూర్చోగా అతని ప్రశ్నలు కూడా పదునెక్కాయి. టాపింగ్ స్లిప్పుకి విడిగా టెస్టులు ఉండాలని పట్టుబట్టింది అతనే.

మిల్లులో కొత్త ప్రోగ్రాం ఎక్కించిన రోజు ముగ్గురమూ వెళ్ళాం. పొద్దున్నుంచీ స్లిప్పులు చక్కగా వస్తున్నాయి. రంగుల గది నుంచి ఒక్క అరుపు లేదు. డైయింగ్ మాస్టర్, అంటే రంగు వేయించే పెద్ద, రెండుసార్లు వచ్చి స్లిప్పులు చూసుకుని "ఠీక్ హై" అని వెళ్ళాడు. ఆ మనిషి నోట ఆ మాట రావడమే గొప్ప. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను.

అప్పుడొచ్చాడు సేఠ్. తెల్ల బట్టలు, పెద్ద గొంతు, మంచి మనిషే గానీ కోపం ముక్కు మీద ఉంటుంది. చా తెప్పించాడు. "బేటా, ఛోటా సా కామ్," అన్నాడు. పెద్ద లాట్‌ని రెండు సగాలు చేసి రెండు మెషీన్లలో వేస్తారు. సగానికో స్లిప్పు వస్తుంది. రంగుల గదిలో తూకం వేసేవాడొకడు సెలవు పెట్టాడట, రెండు స్లిప్పులతో తికమక పడుతున్నారట. రెండు సగాలూ కలిపి ఒకే స్లిప్పులో రావాలి, ఇప్పుడే కావాలి.

పార్థ్ కళ్ళు మెరిశాయి. "ఏక్ లైన్ హై," అని గొణిగాడు. పాత అలవాటు, చెయ్యి మౌస్ మీదికి పోయింది. సంధ్య తన అరచెయ్యి కీబోర్డు మీద బోర్లించింది.

"నై పార్థ్ భాయ్. ఇక్కడ కాదు."

సేఠ్‌కి అర్థం కాలేదు. సంధ్య లేచి నిలబడి హిందీలో మెల్లగా చెప్పింది. చేస్తాను సేఠ్, కానీ నడుస్తున్న దాంట్లో చెయ్యి పెట్టను. మా లాప్‌టాప్‌లో చేసి, అన్నీ పచ్చగా వచ్చాక, మేడమ్ చూశాక ఎక్కిస్తాను. మధ్యాహ్నం భోజనాల వేళకి మీ చేతిలో ఉంటుంది.

"భోజనాల వేళకా? జిగ్నేశ్ అయితే ఈ చా తాగేలోపు చేసేవాడు!" సేఠ్ ముఖం జేవురించింది. అక్కడే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల జిగ్నేశ్‌భాయ్ గొంతు. విషయం విన్నాడు.

"సంధ్యా, కర్ దే. అభీ."

ఇప్పుడే చేసెయ్యమని యజమాని ఆజ్ఞ. అయినా సంధ్య, చేస్తాను గానీ ఇక్కడ చేయనంది. "సర్, కరూంగీ. ఇధర్ నహీఁ కరూంగీ."

జిగ్నేశ్‌భాయ్ నాతో అన్నాడు, "విజయాబెన్, ఆమె చేత చేయించండి. లేకపోతే ఇంటికి పంపించేయండి, పార్థ్ చేస్తాడు."

ఒక్క లైను మార్పు అని నాకూ అనిపిస్తోంది. చేసేస్తే ఈ గొడవ ఇక్కడితో తీరుతుంది, పిల్ల ఉద్యోగం నిలుస్తుంది. సంధ్య వైపు చూశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ, కీబోర్డు మీది చెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి చూశాక నా నోరు నేను ఆపుకోలేకపోయాను.

"జిగ్నేశ్‌భాయ్, ఈ పిల్లని ఆటో ఎక్కిస్తే అదే ఆటోలో నేనూ ఎక్కుతాను. ఇక మిగిలింది పార్థ్. అతన్నే అడగండి."

అందరం పార్థ్ వైపు తిరిగాం. పాపం, చెమట పట్టింది కుర్రాడికి. సేఠ్‌ని చూశాడు, ఫోన్‌ని చూశాడు, సంధ్యని చూశాడు. మౌస్ మీంచి చెయ్యి తీసి జేబులో పెట్టుకుని, భోజనాల దాకా టైము అడిగాడు.

"సర్, లంచ్ తక్ దే దీజియే."

నాకు అతన్ని అక్కడే ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఏడాదిగా తిన్న ఖమణ్ అంతా ఒంటబట్టింది! సేఠ్ బల్ల మీద చేత్తో కొట్టి, "లంచ్ తక్! ఉస్ కే బాద్ తుమ్ లోగ్ ఇధర్ దిఖ్‌నా నహీఁ!" అని, ఆ తర్వాత మేం కంటికి కనపడకూడదని హెచ్చరించి బయటికి వెళ్ళిపోయాడు. జిగ్నేశ్‌భాయ్ ఫోన్ పెట్టేశాడు.

ఇద్దరూ వరండాలో తెల్లగుడ్డ మూటల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచారు. ముందు టెస్ట్: రెండు సగాలు ఒకే స్లిప్పులో రావాలి. ఎర్రగా వచ్చింది, రావాలి కూడా, ఇంకా ఏమీ మార్చలేదు కాబట్టి. పార్థ్ తన ఒక్క లైను కొట్టాడు. ఆ టెస్ట్ పచ్చబడింది. "చూశావా?" అన్నాడు. "అన్నీ నడిపియ్ భాయ్," అంది సంధ్య. అన్ని టెస్టులూ నడిపారు. పచ్చ, పచ్చ, పచ్చ... మధ్యలో ఒకటి ఎర్రగా నిలబడింది.

టాపింగ్ స్లిప్పు అది. రంగు లేతగా వచ్చిందని ఒక మెషీన్‌కి కాస్త కలపమంటే, ఆ ఒక్క లైను పుణ్యమా అని ఇప్పుడు ప్రోగ్రాం రెండు సగాల బరువునీ కలిపి లెక్క కడుతోంది. ఒక మెషీన్‌లో పోయాల్సిన దానికి రెట్టింపు పోయమంటోంది. పార్థ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను... అక్కడ... కొట్టేసేవాణ్ణి," అన్నాడు.

"కొట్టలేదు గద," అంది సంధ్య. "ఎర్రగైంది, ఆగినం. ఇగ మంచిగ చేద్దాం."

వాళ్ళు ఇంకా ఆ మూటల మీదే ఉండగా డైయింగ్ మాస్టర్ హడావిడిగా వచ్చాడు. రాణి రంగు లాట్, అంటే ఆ గాఢమైన గులాబీ, రెండో మెషీన్‌లో లేతగా వచ్చిందట. టాపింగ్ స్లిప్పు కావాలన్నాడు. మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లో ఎవరూ చెయ్యి పెట్టని ప్రోగ్రాం నుంచి సరైన స్లిప్పు వచ్చింది, అతను తీసుకుని పోయాడు. చా చల్లారేలోపు ఆ ఒక్క లైనూ మార్చేసి ఉంటే, అప్పుడతని చేతిలో ఏ స్లిప్పు ఉండేదో మా ముగ్గురికే తెలుసు.

సంధ్య సేఠ్ గదికి వెళ్ళి, ఆ ఒక్క లైనుతో వచ్చే స్లిప్పునీ ఇందాక మాస్టర్ తీసుకెళ్ళిన స్లిప్పునీ లాప్‌టాప్ తెర మీద పక్కపక్కన పెట్టి చూపించింది. సేఠ్ తెర వైపు చూసి, "ఇదేంటి? రెట్టింపు?" అన్నాడు. మాస్టర్‌ని పిలిపించి అడిగాడు, ఇందాక ఇంత పోసి ఉంటే ఏమయ్యేదని.

మాస్టర్ నోరు తెరిచాడు. "ఇంతా? సేఠ్, అది రాణి కాదు, వంకాయ అయ్యేది. లాట్ మొత్తం!"

సేఠ్ కుర్చీలో కూలబడ్డాడు. తల తుడుచుకున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. మాకు వినపడాలనే మళ్ళీ స్పీకర్ పెట్టాడు.

"జిగ్నేశ్, ఆ అమ్మాయిని ఇంటికి పంపేశావా?"

"లేదు సేఠ్. మీరెలా చెబితే అలా. పంపమంటే ఇప్పుడే..."

"పంపి చూడు! రేపటి నుంచి ఆమె నా మిల్లులో కూర్చుంటుంది, నీ సాఫ్ట్‌వేర్ నువ్వే ఉంచుకో!"

నాకు ఆ మాట పాటలా వినిపించింది. సంధ్య చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. టాపింగ్‌కి ఒక మెషీన్ బరువే తీసుకునేలా సరిచేశారు. అన్నీ పచ్చగా వచ్చాయి. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క లైనూ చదివాను. భోజనాల గంట కొట్టకముందే రెండు సగాలూ ఒకే స్లిప్పులో రంగుల గదికి వెళ్ళాయి. ఆ రోజు సేఠ్ మమ్మల్ని తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, "నిజం చెప్పు సంధ్యా, భయం వెయ్యలేదా?"

"మస్తు భయమైందక్కా." నా వైపు తిరిగింది. "సేఠ్‌కు భయపడి చేసేద్దామనే అనుకున్న. గంతల్నే ఆదివారం యాదికొచ్చింది. వారం మాట చెప్పాలె గద. అందరి ముందల లేచి ఏమని చెప్పాలె? సేఠ్ కోపం ఒక్కపూట. హాల్ల మనోళ్ల మొకం ఎట్ల చూడాలె?"

ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి బమ్రోలి దాకా అలాగే కూర్చున్నాను.

సీజన్ ముగిసింది. మా వల్ల ఒక్క లాట్ పోలేదు. దీపావళి సెలవుల తర్వాత మొదటి ఆదివారం మేం హాల్లో ఉండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చూస్తే జిగ్నేశ్‌భాయ్! వెనక బెంచీ మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. వారం మాట వచ్చింది. సంధ్య వంతు రాగానే ఆయన లేచి, "ముందు నాకు చాన్సివ్వండి," అన్నాడు. "సంధ్యాబెన్ ఇవాళ్టి నుంచి పర్మనెంట్. శనివారం మధ్యాహ్నం క్లాసు మా ఆఫీసులో. చా నాది."

హాలు కప్పు లేచిపోయినంత పని చేశారు పిల్లలు. స్టీలు పళ్ళెం గరిటె దెబ్బలకి సొట్టలు పడింది. సంధ్య వాళ్ళమ్మ గుమ్మం దగ్గర కొంగుతో కళ్ళొత్తుకుంటోంది, ఈసారి గమ్ము వల్ల కాదు. నర్సయ్యగారు "ఏం బిడ్డరా నాది!" అని పక్కనున్నవాళ్ళ వీపులు చరుస్తున్నారు. ఇంతలో హాల్లో ఎవరో అడిగారు, "సర్, మరి మీ వారం మాట?" జిగ్నేశ్‌భాయ్ తల గోక్కున్నాడు. "నాది వారం కాదు, సీజన్ మాట. తప్పు మనిషి మీద అరిచాను," అన్నాడు. ఆయనకి పడ్డన్ని చప్పట్లు ఆ రోజు సంధ్యకి కూడా పడలేదేమో.

ఇప్పుడు ఆ హాలు మాకు చాలడం లేదు. ఊళ్ళోని పక్క కంపెనీల వాళ్ళు తమ కొత్త పిల్లల్ని ముందు బమ్రోలి పంపించి తర్వాత పనిలో పెట్టుకుంటున్నారు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి నేర్పేది సంధ్య. పార్థ్ క్లాసు వేరే. అతను సేఠ్ వేషం వేసి "అభీ కర్ దో!" అని అరుస్తాడు, పిల్లలు మర్యాదగా కాదని చెప్పడం నేర్చుకోవాలి. ఒకసారి నిజం సేఠే వచ్చి, పార్థ్‌ది చేతకాని అరుపని తేల్చి, తనే నిలబడి అరిచాడు. ఇద్దరు పిల్లలు బెదిరిపోయి ఒప్పేసుకున్నారు. మిగిలినవాళ్ళు నిలబడ్డారు. సేఠ్ వాళ్ళకి మిఠాయి పంచాడు.

ఇన్నేళ్ళుగా నేను పద్ధతులు నేర్పుతున్నాననే అనుకున్నాను. పద్ధతి ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. సేఠ్ ఎదురుగా అరుస్తుంటే, ఉద్యోగం ఊగుతుంటే, కీబోర్డు మీద చెయ్యి బోర్లించే ధైర్యం మాత్రం ఆదివారం "మరి ఏమైంది?" అని ప్రేమగా అడిగేవాళ్ళు ఉంటేనే వస్తుంది. సంధ్య నాకు ఆటోలో చెప్పింది ఇదే.

మొన్న అంకలేశ్వర్ నుంచి ఒక కంపెనీ పెద్దాయన ఫోన్ చేశారు. తమ ఇంజనీర్లకి ఈ టెస్టుల సంగతంతా నేర్పాలట, రెండు రోజుల్లో ముగించాలట. నేర్పడం రెండు రోజుల్లో అయిపోతుందండీ, ఆ తర్వాత వారం వారం వాళ్ళు ఎవరి మధ్య కూర్చుంటారో అది చెప్పండి ముందు, అన్నాను. రెండు రోజుల లెక్క ఆయన మళ్ళీ ఎత్తలేదు.

"మేడమ్," అన్నారు, "బమ్రోలికి దారి ఎటు?"